మెడలో ఎక్కువ ఎముక, గొంతులో లేని ముల్లు

తల, మెడ గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట చేర్చాను. బాధలు వేరువేరు కానీ చాలామంది చివర్లో అడిగింది ఒకటే, రిపోర్టులో ఏదో తేడా ఉందని రాశారు, ఇది జబ్బేనా సార్ అని. ఏ ఇద్దరి ముఖాలూ ఒకేలా ఉండవని అందరికీ తెలుసు, ఆ ముఖం వెనకాల ఉన్న ఎముకలూ నరాలూ రక్తనాళాలూ కూడా అంతేనని మాత్రం ఎవరూ అనుకోరు. ఆ తేడా దాని మానాన అది ఉన్నంతకాలం దాంతో మనకు పనిలేదు. సూదో కత్తో అక్కడికి వెళ్ళాల్సిన రోజున మాత్రం డాక్టరుకు ముందే తెలిసి ఉండాలి. అందుకే పాత ఫిల్ములు, రిపోర్టులు పాత పేపర్లతో పాటు తూకానికి వెయ్యొద్దని నేను పోరుతుంటాను.

నాకు 43 ఏళ్ళు. సంక్రాంతికి అల్లూరులో అమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చేపల పులుసు తిన్నాను. అప్పటినుంచి గొంతులో కుడివైపు ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. అన్నం ముద్దలు మింగాను, అరటిపండు మింగాను, పోలేదు. గొట్టం వేసి చూసి ఏమీ లేదన్నారు, అంతా నీ భయమే అన్నారు. మొన్న పంటికి తీసిన ఎక్స్‌రేలో స్టైలాయిడ్ అనే ఎముక పొడుగ్గా ఉందని రాశారు. మా నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల ఇలా అయిందా? ఆపరేషన్ చేయించుకోవాలా?
— ఒక సోదరి, కనిగిరి

అమ్మా, ముందు ఆ అన్నం ముద్దల సంగతి. ముల్లు నిజంగా ఉన్నప్పుడు ముద్ద మింగితే అది ఇంకా లోపలికి దిగే ప్రమాదం ఉంది, ఇంకెప్పుడూ అలా చెయ్యకండి, పిల్లలకు అసలు చెయ్యకండి. మీ విషయంలో ముల్లు లేదనే అనుకోవచ్చు. నిజం ముల్లయితే ఇన్ని నెలలు ఒకే తీరుగా గుచ్చుతూ ఊరుకోదు, వాపో చీమో జ్వరమో ఏదో ఒకటి తెస్తుంది.

స్టైలాయిడ్ అంటే చెవి కింద పుర్రె అడుగు నుంచి ముందుకూ కిందికీ దిగే సన్నటి, మొనదేలిన ఎముక. మామూలుగా రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. మూడు దాటితే పొడుగు అంటారు. దాని కొస నుంచి ఒక లిగమెంటు (ఎముకల్ని కలిపే గట్టి పట్టీ) గొంతు ముందున్న హయాయిడ్ ఎముక దాకా వెళ్తుంది, కొందరికి ఆ లిగమెంటు కూడా ఎముకలా గట్టిపడుతుంది. ఆ పక్కనే గొంతుకు స్పర్శ ఇచ్చే నరం, మెదడుకు వెళ్ళే కెరోటిడ్ ధమని ఉంటాయి. మొన వాటిని ఒరుసుకుంటే గొంతులో ముల్లున్నట్టు, మింగితే చెవిలోకి పోటు, తల ఒకవైపు తిప్పితే నొప్పి. అమెరికాలో వాట్ ఈగిల్ అనే చెవి-ముక్కు-గొంతు డాక్టరు 1937లో దీన్ని వివరంగా రాశాడు, అప్పటినుంచి ఈగిల్ సిండ్రోమ్ అంటున్నారు. టాన్సిల్స్ తీయించుకున్నవాళ్ళలో ఇది బయటపడటం ఆయన ఎక్కువగా చూశాడు, మీకు చిన్నప్పుడు ఆ ఆపరేషన్ అయి ఉంటే డాక్టరుకు చెప్పండి.

ఇక్కడే ఒక చిక్కుంది. నూరుమందిని ఎక్స్‌రే తీస్తే దాదాపు నలుగురికి ఈ ఎముక పొడుగ్గానే కనిపిస్తుంది, వాళ్ళలో చాలామందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. కాబట్టి ఎక్స్‌రేలో పొడుగు కనిపించింది, గొంతులో నొప్పి ఉంది, అయితే ఇదే కారణం అని ముడిపెట్టెయ్యడం కుదరదు. తేల్చే పద్ధతి పాతకాలపుదే, మంచిది కూడా. డాక్టరు గ్లవ్స్ వేసుకుని వేలితో టాన్సిల్ ఉండే గుంటలో మెల్లగా నొక్కి చూస్తారు. గట్టి మొన వేలికి తగిలి, అది నొక్కగానే మీరు "ఇదే సార్, ఇదే నొప్పి" అని ఆయన చెయ్యి పట్టేసుకున్నారంటే సగం తేలినట్టే. ఆ చోట కాస్త మత్తు ఇంజెక్షన్ ఇస్తే నొప్పి కాసేపు మాయమవుతుందా అని కూడా చూస్తారు. తర్వాత సీటీ స్కాన్‌తో పొడవూ వంపూ కొలుస్తారు.

ఫ్లోరైడ్ గురించి మీ అనుమానం అర్థం లేనిది కాదు. ఫ్లోరోసిస్‌లో లిగమెంట్లు గట్టిపడతాయన్నది నిజమే. అయితే ఫ్లోరైడ్ ఊసే లేని ఊళ్ళలో కూడా ఈ పొడుగు ఎముక ఉంటుంది, అన్నీ తీసుకెళ్ళి నీళ్ళ మీద తోసెయ్యలేం. నడుం, మోకాళ్ళు కూడా బిగుసుకుపోతుంటే మాత్రం అది విడిగా చూపించుకోవాల్సిన విషయం.

ఆపరేషన్‌కు తొందరలేదు. ముందు నొప్పి మందులు, నరాల నొప్పికి ఇచ్చే మాత్రలు, కావాలంటే అక్కడే ఇంజెక్షన్. వాటికి లొంగకపోతే నోట్లో నుంచి గానీ మెడ బయట నుంచి గానీ ఎముక కొస తీసేస్తారు. ఇంకొక్క మాట, కడుపులో యాసిడ్ పైకి తన్నినా గొంతులో ఇలాగే అడ్డం ఉన్నట్టుంటుంది, అది కూడా చూసుకోమనండి. అన్నం నిజంగానే దిగకపోవడం, బరువు తగ్గడం, గొంతు బొంగురుపోవడం, మెడలో గడ్డ, వీటిలో ఏది ఉన్నా ఎముక సంగతి పక్కనపెట్టి వెంటనే వెళ్ళండి. "నీ భయమే" అన్నవాళ్ళ మీద కోపం పెట్టుకోకండి గానీ, వేలితో నొక్కి చూడకుండా ఆ మాట అనకూడదనే నేనూ అంటాను.

కింది దవడ పన్ను తీసేటప్పుడు మూడు సూదులు వేశారు, అయినా నొప్పి తెలుస్తూనే ఉంది. మధ్యలో ఆపేసి మళ్ళీ రమ్మన్నారు. ఆయనకు చెయ్యి తిరగలేదా, లేక నాకు మత్తు పట్టదా? మా బావమరిది నేను మందు తాగడం వల్లే అంటున్నాడు.
— కావలి పాఠకుడు, 38 ఏళ్ళు

బావమరిది మాట పక్కనపెట్టండి (తాగుడు మానమని చెప్పడానికి ఆయనకు వేరే కారణాలు చాలానే దొరుకుతాయి). కింది దవడకు మొదటి సూదితో మత్తు సరిగా పట్టనివాళ్ళు నూటికి 15 మంది దాకా ఉంటారు, అంటే ఇది రోజూ జరిగేదే. పై దవడ ఎముక పల్చన, మందు దానంతట అదే ఇంకుతుంది. కింది దవడ మందం. అందుకని నరం ఎముకలోకి దూరే రంధ్రం దగ్గరే మందు పెట్టాలి, ఆ రంధ్రమేమో కంటికి కనిపించదు, అందాజా మీద వెళ్ళాలి. అది కొందరికి కాస్త పైన ఉంటుంది. కొందరికి నరం వెళ్ళే కాలువ రెండుగా చీలి ఉంటుంది, ఒక పాయ మొద్దుబారినా రెండోది మేలుకునే ఉంటుంది. ఇంకొందరికి నాలుక కింద కండరానికి వెళ్ళే నరం నుంచి ఒక కొమ్మ వచ్చి పన్నుకు స్పర్శ ఇస్తుంది. పెదవి మొద్దుబారింది, పన్ను మాత్రం లాగుతోంది అన్నారంటే డెంటిస్టు వీటిని అనుమానిస్తాడు. ఇవేవీ కాకుండా పన్ను కింద చీము ఉన్నా మందు పనిచెయ్యదు, అలాంటప్పుడు ముందు చీము తగ్గించి తర్వాత పన్ను తీస్తారు. మిమ్మల్ని మళ్ళీ రమ్మన్నది అందుకే అయితే ఆయన మంచి పని చేశాడు.

ఈసారి వెళ్ళినప్పుడు పెదవి మొద్దుబారిందీ లేనిదీ గుర్తు తెచ్చుకుని చెప్పండి. దవడ మొత్తం వచ్చే ఎక్స్‌రేలో కాలువ చీలిక కొన్నిసార్లు కనిపిస్తుంది, త్రీడీ స్కాన్‌లో ఇంకా బాగా తెలుస్తుంది. ఇంకాస్త పైన సూది వేసే పద్ధతి కూడా ఉంది, ఆస్ట్రేలియా డెంటిస్టు గౌ గేట్స్ 1973లో చెప్పింది, ఇలాంటి కొమ్మలన్నీ చీలకముందే నరాన్ని పట్టుకుంటుంది. మీకు ఏ పద్ధతి పనిచేసిందో చీటీ మీద రాయించి పెట్టుకోండి, రేపు ఇంకో పన్నుకు ఇంకో డాక్టరు దగ్గర మళ్ళీ మూడు సూదుల బాధ తప్పుతుంది.

మా బాబుకు ఐదేళ్ళు. గొంతు ముందు, సరిగ్గా మధ్యలో గోలీ అంత గడ్డ ఉంది. నొప్పి లేదు. జలుబు చేసినప్పుడు పెద్దదవుతుంది. మా ఊళ్ళో ఆర్‌ఎంపీ చిన్న గాటు పెట్టి నీరు తీసేస్తే పోతుందంటున్నాడు. చేయించమంటారా?
— ఒక తల్లి, బుచ్చిరెడ్డిపాళెం

వద్దమ్మా, గాటు అసలు పెట్టించొద్దు.

బాబును వెలుతురులో కూర్చోబెట్టి నీళ్ళు మింగమనండి, తర్వాత నాలుక బాగా బయటికి చాపమనండి. నాలుక చాపినప్పుడు గడ్డ పైకి లేచిందంటే అది చాలావరకు థైరోగ్లోసల్ సిస్ట్. కడుపులో పిండం నాలుగో వారంలో ఉన్నప్పుడు థైరాయిడ్ గ్రంథి నాలుక మొదట్లో పుడుతుంది, అక్కడినుంచి మెడలోకి దిగి ఏడో వారానికల్లా తన చోటికి చేరుతుంది. దిగిన దారి తర్వాత మూసుకుపోవాలి. కొందరికి కొంచెం మిగిలిపోయి అందులో నీరు చేరుతుంది. దారి నాలుక మొదలుకే అంటుకుని ఉంటుంది కాబట్టి నాలుక చాపితే గడ్డ కూడా లేస్తుంది.

గాటు పెడితే నీరు పోతుంది, దారి అలాగే ఉంటుంది. చీము పట్టి, మెడ మీద ఎప్పుడూ కారే రంధ్రం మిగులుతుంది. ఒట్టి గడ్డ వరకే కోసి తీసినా సగంమంది దాకా మళ్ళీ వస్తుంది, ఎందుకంటే ఆ దారి హయాయిడ్ ఎముక నడిమి భాగాన్ని అంటుకుని పోతుంది. సిస్ట్రంక్ అనే సర్జన్ 1920లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది: గడ్డ, ఆ ఎముక మధ్య ముక్క, నాలుక మొదలు దాకా ఉన్న దారి అన్నీ కలిపి తీసెయ్యడం. అలా తీస్తే తిరిగి రావడం అరుదు. ఎముక ముక్క తీస్తారనగానే కంగారుపడకండి, మింగడానికీ మాట్లాడటానికీ ఏమీ తేడా రాదు.

అంతకన్నా ముఖ్యమైనది ఆపరేషన్‌కు ముందు చేయాల్సిన పని. మెడకు అల్ట్రాసౌండ్ స్కాన్ తీయించి, థైరాయిడ్ దాని చోట్లో ఉందో లేదో చూడాలి. అరుదుగా కొందరు పిల్లలకు గ్రంథి కిందికి దిగకుండా దారిలోనే ఆగిపోతుంది. అప్పుడు ఆ గడ్డే వాళ్ళకున్న థైరాయిడ్, వేరేది లేదు. నాలుక మొదట్లోనే ఆగిపోయినవాళ్ళలో పదిమందిలో ఏడుగురికి అదొక్కటే ఉంటుంది. అది తెలియక గడ్డ అనుకుని కోసేస్తే పిల్లవాడు ఆ రోజు నుంచీ జీవితాంతం థైరాయిడ్ మాత్ర మింగాలి, పైగా వెంటనే కనిపెట్టకపోతే ఎదుగుదల, చదువు అన్నీ దెబ్బతింటాయి. స్కాన్‌తో పాటు థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష కూడా చేయించండి. రెండూ మామూలు పరీక్షలే, నెల్లూరులో దొరుకుతాయి. గడ్డ ఎర్రబడి జ్వరం ఉంటే ముందు మందులతో తగ్గించి, తర్వాతే ఆపరేషన్ పెట్టుకుంటారు.

చీమకుర్తిలో గ్రానైట్ పని చేస్తాను. ఏడాదిగా ఎడమచేతి చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. చెయ్యి పైకెత్తి పనిచేస్తే ఎక్కువ. ఎక్స్‌రే తీసి మెడలో ఎక్కువ పక్కటెముక ఉందన్నారు. ఇంట్లోవాళ్ళు క్యాన్సరేమోనని ఏడుస్తున్నారు.
— పాఠకుడు, 29 ఏళ్ళు

క్యాన్సర్ కాదు, మీ ఇంట్లోవాళ్ళకు ఈ పేజీ చదివి వినిపించండి. పక్కటెముకలు ఛాతీ దగ్గర మొదలవ్వాలి, కొందరికి మెడ చివరి పూస నుంచే ఒకటి అదనంగా పుడుతుంది. రెండొందల మందిలో ఒకరిద్దరికి ఉండేదే, ఆడవాళ్ళలో కాస్త ఎక్కువ. పుట్టినప్పటి నుంచీ మీతోనే ఉంది, ఇప్పుడు మొలిచింది కాదు. చేతికి వెళ్ళే నరాలూ ధమనీ ఆ ఎముక మీదుగా ఒంపు తిరిగి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, చెయ్యి పైకెత్తి బరువులు మోసేవాళ్ళకు అవి నలుగుతాయి.

చిటికెనవేలు, ఉంగరపు వేలు అని మీరు సరిగ్గా చెప్పారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరైతే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందేమో చూస్తాం, మీది పైనుంచి వస్తున్నట్టుంది. అయితే మోచేతి దగ్గర నరం నలిగినా ఇవే రెండు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి కాబట్టి నరాల పరీక్ష చేయించాలి. అద్దం ముందు కూర్చుని రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూడండి. బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే కండ ఎడమవైపు చప్పబడి ఉంటే ఆలస్యం చెయ్యొద్దు, కరిగిన కండ తిరిగి రావడం కష్టం. వేళ్ళు తెల్లగా, చల్లగా, నీలంగా మారుతుంటే ధమని నలిగి రక్తం గడ్డలు కడుతున్నాయేమో, ఆ రోజే రక్తనాళాల సర్జన్ దగ్గరికి వెళ్ళాలి. మీరు డ్రిల్లింగు మిషన్ పట్టుకుంటారా? దాని అదురుకు కూడా వేళ్ళు తెల్లబడతాయి, ఏ పని చేస్తారో డాక్టరుకు విడమరిచి చెప్పండి.

కండ, రక్తప్రసారం బాగుంటే ముందు ఫిజియోథెరపీ, భుజం నిలబెట్టే వ్యాయామాలు, కొన్నాళ్ళు తల పైకి చేతులెత్తే పని మార్చుకోవడం. అందరికీ ఎముక తీయక్కర్లేదు. మేస్త్రీని పని మార్చమని అడగడం అంత తేలిక కాదని తెలుసు, డాక్టరు చేత కాగితం రాయించుకుని వెళ్ళి అడగండి. రేపు ఎప్పుడైనా చేతికి ఆపరేషన్ అయి మెడ దగ్గర మత్తు సూది వేయాల్సి వస్తే ఈ ఎముక సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

చిన్న ప్రశ్నలకు చిన్న జవాబులు. దర్శి సోదరికి: అంగిలి మధ్యలో ఏళ్ళ తరబడి అలాగే ఉన్న గట్టి బుడిపె ఎముకే, వదిలెయ్యండి, పళ్ళ సెట్టు పెట్టించుకునే రోజు వస్తే అప్పుడు చూద్దాం. పుండు పడినా, ఒక పక్కకు పెరిగినా చూపించుకోవాలి, ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్ళయితే బుడిపె ఎలాంటిదైనా చూపించుకోవాల్సిందే. ఉదయగిరి సోదరుడికి: చెవి ముందు పుట్టుకతో ఉన్న చిన్న రంధ్రాన్ని పిసకొద్దు. చీము పడితేనే వైద్యం, మాటిమాటికీ పడుతుంటే లోపలి దారి మొత్తం తీయించాలి. ఇంట్లో పుట్టుచెవుడు ఉన్నవాళ్ళుంటే పిల్లలకు వినికిడి పరీక్ష చేయించండి. ఆత్మకూరు నుంచి పాప కొండనాలుక రెండుగా చీలి ఉందని రాసినవారికి: నూటికి ఒకరిద్దరికి ఉంటుంది, దానంతట అది ఏమీ చెయ్యదు. కానీ పాపకు ఎడినాయిడ్స్ (ముక్కు వెనక, గొంతు పైన ఉండే టాన్సిల్ లాంటి కండ) తీస్తామన్నారని కూడా రాశారు కదా, ఆ డాక్టరుకు ఇది తప్పక చూపించండి. కొండనాలుక చీలినవాళ్ళలో కొందరికి అంగిలి కండరం కూడా లోపల కలవకుండా ఉంటుంది, పైకి తెలియదు. అలాంటి పిల్లలకు ఎడినాయిడ్స్ పూర్తిగా తీసేస్తే మాట ముక్కులోంచి వస్తుంది, తాగిన నీళ్ళు కూడా ముక్కులోకి వస్తాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇంత అచ్చంగా సరిపోయే సందర్భం వైద్యంలో ఇంకోటి లేదు.

తల తిరుగుతోందని ఎంఆర్ఐ తీస్తే కుడి వెర్టిబ్రల్ ధమని సన్నగా ఉందని, మెదడు కింద ఒక కొమ్మ లేదని రాశారు. పక్షవాతం వస్తుందని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నాకు 51.
— నెల్లూరు పాఠకుడు

మెడ వెనక రెండు (వెర్టిబ్రల్ అంటే ఇవే), ముందు రెండు, మొత్తం నాలుగు ధమనులు మెదడుకు రక్తం తీసుకెళ్తాయి. మెదడు అడుగున అవన్నీ ఒక వలయంగా కలుస్తాయి, థామస్ విల్లిస్ 1664లో వర్ణించాడు కాబట్టి ఆయన పేరే ఉంది. పుస్తకాల్లో గీసినట్టు పూర్తి వలయం సగంమందికి కూడా ఉండదు. వెనక ధమనుల్లో ఒకటి లావు, ఒకటి సన్నం ఉండటం మరీ మామూలు, ఎక్కువమందికి ఎడమది లావు. కాలువలన్నీ ఒకే చెరువులో కలుస్తున్నప్పుడు ఒకటి సన్నగా పారినా చెరువు నిండుతుంది. పుట్టుకతో సన్నగా ఉండటం వేరు, కొవ్వు పట్టి సన్నబడటం వేరు, రిపోర్టులో మీది ఏదో అడిగి తెలుసుకోండి. పుట్టుకతోదే అయితే మీ తలతిరుగుడుకు అది కారణం కాకపోవచ్చు. పక్క మీద పొర్లినప్పుడు, పైకి చూసినప్పుడు ఒక అర నిమిషం గిర్రున తిరుగుతుందా? అయితే లోపలి చెవిలో సమస్య, మంచం మీద పడుకోబెట్టి తల తిప్పే చిన్న వైద్యంతో చాలామందికి తగ్గిపోతుంది. మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకర, చేయి కాలు పడిపోవడం ఉంటే మాత్రం క్షణం ఆగొద్దు.

బీపీ, షుగర్, సిగరెట్, ఈ మూడే మీ ధమనులకు అసలు శత్రువులు. ఇంకోటి కూడా ఉంది, ఎవరూ పట్టించుకోరు. సెలూన్‌లో కటింగ్ అయ్యాక తలకు నూనె మర్దన చేసి, గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి టక్కుమని మెడ విరుస్తారు చూడండి, హాయిగానే ఉంటుంది. ఆ కుదుపుకు మెడ పూసల్లో నుంచి వెళ్ళే ఈ ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సంఘటనలు వైద్యంలో నమోదయ్యాయి. అరుదే. కానీ ఒక వెనక ధమని సన్నగా ఉన్నవాళ్ళకు రెండోదే ఆధారం, మీరు మటుకు మర్దన దగ్గరే చాలు నాయనా అని చెప్పి లేచిపోండి.

టీచరుగా పనిచేస్తున్నాను. గొంతు ముందు థైరాయిడ్ వాపుకు ఆపరేషన్ చేయాలన్నారు. గొంతు పోతుందని అందరూ భయపెడుతున్నారు. నా బతుకుదెరువే గొంతు కదా.
— ఒక ఉపాధ్యాయిని, నెల్లూరు

గొంతు తీగలను కదిలించే నరం థైరాయిడ్ వెనక నుంచే వెళ్తుంది, భయం అక్కడినుంచే వచ్చింది. విచిత్రం ఏమిటంటే ఆ నరం నేరుగా రాదు. మెదడు నుంచి ఛాతీ వైపు దిగి, కుడివైపు చేతి ధమని కిందుగా, ఎడమవైపు గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కిందుగా మెలిక తిరిగి మళ్ళీ పైకి వస్తుంది. సర్జన్లు కింద నుంచి పైకి వచ్చే ఆ నరాన్ని వెతికి, కళ్ళతో చూసి కాపాడుకుంటారు. నూటికి ఒకరికన్నా తక్కువమందిలో కుడివైపు ఆ మెలిక ఉండదు, నరం పక్క నుంచి సూటిగా వచ్చేస్తుంది. కుడిచేతి ధమని వేరే చోట పుట్టి అన్నవాహిక వెనక నుంచి వెళ్ళేవాళ్ళలో ఇలా జరుగుతుంది. అలాంటి కొందరికి ముద్ద దిగడం కష్టంగా ఉంటుందని 18వ శతాబ్దంలోనే డేవిడ్ బేఫోర్డ్ అనే ఇంగ్లండ్ డాక్టరు గుర్తించాడు. కాబట్టి మీకు ఎప్పటినుంచో గట్టి పదార్థం మింగడం కష్టంగా ఉంటే చెప్పండి. మెడకో ఛాతీకో ఎప్పుడైనా సీటీ తీయించి ఉంటే ఆ ఫిల్ము ఇవ్వండి, ధమని తేడా అందులో కనిపిస్తుంది, దాన్నిబట్టి నరం తేడా ఊహించవచ్చు.

సర్జన్‌ను అడగాల్సినవి అడగండి, మొహమాటం వద్దు. ఆపరేషన్‌కు ముందు గొంతు తీగల్ని గొట్టంతో చూస్తారా, నరాన్ని కనిపెట్టే మానిటర్ వాడతారా, థైరాయిడ్ ఆపరేషన్లు తరచూ చేస్తుంటారా. ఈ ప్రశ్నలకు చిరాకుపడే సర్జన్ అయితే ఇంకొకరిని చూసుకోవచ్చు. తర్వాత కొన్నాళ్ళు గొంతు బొంగురుగా ఉండటం మామూలే, చాలావరకు సర్దుకుంటుంది. మూతి చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిరి వస్తే మాత్రం వెంటనే నర్సుకు చెప్పండి, అది కాల్షియం తగ్గిన గుర్తు. థైరాయిడ్‌కు అంటుకుని బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి, కాల్షియం చూసుకునేది అవే, వాటి చోటు కూడా మనిషి మనిషికీ మారుతుంది. స్కూలుకు సెలవు పెట్టేటప్పుడు గాయం మానే రోజుల్నే లెక్కేసుకోకండి, క్లాసులో గొంతెత్తి పాఠం చెప్పాలి కాబట్టి ఇంకో రెండు వారాలు కలిపి పెట్టండి.